అడిగినవారికి రొట్టె

1848 జులైలో స్టోన్‌హెంజ్ చూసి వస్తూ ఇద్దరు మిత్రులు వించెస్టర్ పొలిమేరలో సెయింట్ క్రాస్ ధర్మసత్రం దగ్గర ఆగారు. ఒకరు అమెరికా నుంచి వచ్చిన ఎమర్సన్, రెండోవారు కార్లైల్. ఇద్దరూ అప్పటికే పేరుమోసిన రచయితలు. అయినా మామూలు బాటసారుల్లాగే రొట్టె ముక్కా, గుక్కెడు బీరూ అడిగారు.

అక్కడ ఎవరైనా అడగొచ్చు. 1130లలో వించెస్టర్ బిషప్ హెన్రీ ఆ సత్రం కట్టించాడు. ఇంగ్లండు రాజు స్టీఫెన్‌కు స్వయానా తమ్ముడాయన. ఒంట్లో సత్తువ ఉడిగిన 13 మంది పేదలకు అక్కడే తిండీ, బట్టా, నీడా. ఇంకో 100 మందికి రోజూ భోజనం. తినగా మిగిలింది వాళ్లు పట్టుకెళ్లొచ్చని కూడా నియమం పెట్టాడు. ఎంత మంచి ఏర్పాటు! పంక్తిలో కూర్చున్నవాడి ఇంట్లో ఇంకా ఆకలితో చూసేవాళ్లు ఉంటారని ఎరిగిన మనిషికే ఆ ఆలోచన వస్తుంది.

అక్కడి చర్చి బాగోగులు చూసే ముసలి దంపతులు ఇద్దరికీ రొట్టే, బీరూ ఇచ్చారు. రోజూ ఇరవై మంది దాకా ఇలాగే వచ్చి అడుగుతారని చెప్పారు. అప్పటికి ఏడువందల ఏళ్లు గడిచినా దాత మాట చెల్లుతూనే ఉంది.

కార్లైల్ మాత్రం శాపనార్థాలు అందుకున్నాడు. అవి ఆ దంపతులకు కావు, సత్రం ధర్మకర్తగా ఉన్న మతగురువుకు. పేదలకని రాసిచ్చిన సొమ్ములోంచి ఏటా 2000 పౌన్లు ఆయన ఒక్కడికే పోతున్నాయి. వచ్చినవాళ్లకు దక్కేది ఈ రొట్టె ముక్కలూ, పల్చటి బీరూ. ఇంగ్లండు గురించి రాసిన పుస్తకంలో ఎమర్సన్ ఈ సంగతంతా చెప్పాడు. కంచే చేను మేస్తుంటే కార్లైల్‌కు కోపం రావడం న్యాయమే. 1853లో కోర్టు కూడా ఆ ధర్మకర్తనే తప్పుపట్టింది. 1855లో గానీ ఆయన కుర్చీ దిగలేదు.

ఆ సత్రంలో చోటు కావాలంటే ముసలితనం, లేమి ఉండాలి. రొట్టె కావాలంటే నోరు తెరిచి అడగాలి. ధర్మకర్త ఫ్రాన్సిస్ నార్త్‌కు అవేవీ అవసరపడలేదు. 1808లో ఆయన్ను ఆ పదవిలో కూర్చోబెట్టింది సాక్షాత్తూ వించెస్టర్ బిషప్, అంటే సత్రం కట్టించిన హెన్రీ పీఠం మీద కూర్చున్నవాడు.

ఆ బిషప్ ఫ్రాన్సిస్‌కు కన్నతండ్రి.