ఇండక్షన్ పొయ్యి సూత్రమునకు టీకా తాత్పర్యము

మూలము: "పాత పొయ్యి మార్చుడి, ఇండక్షన్ పొయ్యి కొనుడి, ఇంధనము సగము ఆదా యగును."

అవతారిక: సెంటినరీ కాలనీ క్వార్టర్ల తలుపు సందులలో దూరి వచ్చిన కరపత్రమందలి సూత్రమిది. డిసెంబరు 14 ఇంధన పొదుపు దినము, 23 సింగరేణి దినము. ఆ నెలలో ఇచట ఉపదేశములకు కొఱత లేదు. కర్త పేరు లేదు, ఫోన్ నంబరు కలదు. అందుచేత అపౌరుషేయమని కొందఱు.

టీక: పాత, మార్చుడి, కొనుడి యనునవి స్పష్టములు. పొయ్యి యొద్ద నిలువవలెను. పొగను జూచి కొండమీద నిప్పున్నదని తార్కికులు ఊహింతురు. నిప్పున్నచో పొగ యుండితీరునా? ఉండనక్కఱలేదందురు, కాలిన ఇనుపగుండును సాక్ష్యముగా బెట్టుదురు. పొగకు నిప్పొక్కటి చాలదు, తడి యింధనపుఁ దోడు కావలెనట. ఈ ఆర్ద్రేంధన సంయోగమను ఉపాధిని నేర్వ కాశికి బోనేల? శ్రావణపు ముసురులో నానిన బొగ్గు ముట్టించిన గోదావరిఖని ఇల్లాండ్రందఱును నైయాయికులే. పొగ పోవుదాక పొయ్యి వాకిటనే యుంతురు. అయినను పొగ లేనిచో ముప్పు లేదనుట దుష్టవ్యాప్తి: ఎఱ్ఱని బొగ్గునుండి వెలువడు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, తలుపులు మూసి పరుండినవారిని నిద్రలోనే చంపును.

ఇంధనము మార్చి బాగుపడినవారిలో ప్రథముడు అగ్నిదేవుఁడే. శ్వేతకి యను రాజు యజ్ఞములో పండ్రెండేండ్లు ఎడతెగక నెయ్యి వోయగా అరుగుదల చెడి, వన్నె తగ్గి, ఖాండవవనము దిని తేఱుకొనెను. ఆయన ఎంత శాతము ఆదా చేసెనో వ్యాసుఁడు చెప్పలేదు. ఋషి గనుక తెలిసినంతే చెప్పెను.

కరపత్రమును మఱచితిమి. 'సగము': దేనిలో సగము?

ఈడ గ్రాంథికం పనికిరాదు. సగం ఎక్కడ కొలిచిండ్రు? గ్యాస్ పొయ్యి వేడిల గిన్నెకు చేరాల్సింది, మన దేశపు ప్రమాణం ప్రకారం, కనీసం 68 శాతం. ఇండక్షన్‌ది 80 పైనే. గిన్నె దగ్గర కొలిస్తే ఇండక్షన్ గెలిచినట్టే, అయినా సగం ఎట్లయితది? పైగా ఆ కరెంటు మన బొగ్గుదే. థర్మల్ కేంద్రంలో బొగ్గు వేడిల మూడో వంతు, ఇంకొంచెం మీద కరెంటయితది; మిగిలింది గాలికీ నీళ్లకూ పోతది. తీగల నష్టం, పొయ్యి నష్టం తీసేస్తే, వంద పాళ్లల్ల గిన్నెకు చేరేది ముప్పై పాళ్ల లోపే. పాత బొగ్గుల పొయ్యి కంటే ఇది మేలే, వంటింట్ల పొగ లేదు. గ్యాసున్న ఇంటికొచ్చి సగమంటేనే ఒళ్లు మండుతది.

రామగుండంల 1971ల వెలిగించిన 62.5 మెగావాట్ల థర్మల్ పొయ్యి 2024 దాకా మండింది. దానికి మాత్రం ఎవరూ కరపత్రం పంచలే. పొదుపు పాఠాలన్నీ ఆడవాళ్ల వంటింటికేనా?

తాత్పర్యము: సూత్రకర్తకు విన్నపము. సగమన్నచో గిన్నె యొద్దనా, గని యొద్దనా వ్రాయుడి. ఇండ్లలోని మామూలు అల్యూమినియం గిన్నెలు ఈ పొయ్యిమీద వేడెక్కవు. కొత్త గిన్నెల ధర కూడ ఆ కాగితము మీదనే వేయుడి.