ఒక్క లైను తాయెత్తు

ఇదిగో, మళ్లీ ఒక కొత్త లైను ఊరేగుతోంది. టెర్మినల్ తెరవండి, ఇది పేస్ట్ చేయండి, పాస్‌వర్డు అడిగితే కొట్టండి, అర నిమిషంలో మీ సర్వరు భద్రతకు మార్కులేసి చేతిలో పెడతాం అంటున్నారు. ఎవరు రాశారో తెలియని స్క్రిప్టును కర్ల్‌తో తెచ్చి, పైపులోంచి నేరుగా బ్యాష్ నోట్లో పోసి, పైన సుడో అక్షింతలు చల్లడమే పని. ఇంట్లో దొంగలు దూరారేమో చూసిపెట్టమని దారిన పోయేవాణ్ణి పిలిచి, బీరువా తాళాలు వాడి చేతికిచ్చి మనం అరుగు మీద కూర్చున్నట్టుంది. వాడు బయటికొచ్చి ‘నూటికి తొంభై ఆరు’ అనగానే ఆ అంకెను స్క్రీన్‌షాట్ తీసి లింక్డ్‌ఇన్‌లో పెట్టుకోవడం, కింద చప్పట్ల బొమ్మలు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్న పెద్దమనిషి ఈ కాలంలో పుడితే సిస్టమ్ అడ్మిన్ అయ్యుండేవాడు.

ఇందులో ముప్పేముందని అడిగేవాళ్లు కోడ్ కవరేజీ కొలిచే కోడ్‌కవ్ సంగతి అప్పుడే మరిచిపోయినట్టున్నారు. ఆ సంస్థ బ్యాష్ అప్‌లోడర్‌ను ఎన్నో కంపెనీలు సరిగ్గా ఇలాగే, ప్రతి బిల్డులోనూ దించుకుని నడిపేవి. 2021 జనవరి 31 నుంచి ఎవరో అందులో ఒక లైను మార్చడం మొదలుపెట్టారు. స్క్రిప్టు నడిచిన చోటల్లా ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లను, అంటే అందులో దాచుకున్న టోకెన్లూ పాస్‌వర్డులతో సహా, మూటగట్టి తమ సర్వరుకు పంపించుకునే లైను అది. ఏప్రిల్ 1 దాకా ఎవరికీ అనుమానం రాలేదు. తేదీ కూడా ఎంత చక్కగా కుదిరిందో చూడండి. చివరికి పట్టించింది మార్కులేసే స్కానరేమీ కాదు. ఒక కస్టమరు తాను దించుకున్న ఫైలుకు షా-సమ్ తీసి, గిట్‌హబ్‌లో ఉన్న దానితో పోల్చి చూశారు. రెండూ కలవలేదు. అదీ కమాండ్ లైన్ పనే, ఉచితమే, సెకను కూడా పట్టదు.

హెచ్‌టీటీపీఎస్ ఉంది కదా అంటారు. దారిలో ఎవరూ పాలల్లో నీళ్లు కలపలేదని అది చెబుతుంది గానీ, బయల్దేరేటప్పుడే క్యాన్‌లో ఏం పోశారో చెప్పదు. కోడ్‌కవ్ స్క్రిప్టు వచ్చిందీ హెచ్‌టీటీపీఎస్ మీదే. ముందు బ్రౌజర్లో చదివాకే నడుపుతాం అనే జాగ్రత్తపరులూ ఉన్నారు. కానీ బ్యాష్ వచ్చిన లైనును వచ్చినట్టే నడుపుతుంది, ఒక కమాండ్ నడుస్తున్నంతసేపు మిగతాది తీసుకోవడం ఆపుతుంది. ఆ ఆగడాన్ని బట్టి అవతలి సర్వరు, చదివేది మనిషా బ్యాషా అని పసిగట్టి, మనిషికొకటి బ్యాష్‌కొకటి వడ్డించగలదు. మధ్యలో కనెక్షన్ తెగితే సగం స్క్రిప్టే నడుస్తుంది. ఆ సగం ‘తుడిచెయ్’ దగ్గర ఆగితే మీ అదృష్టం. దురుద్దేశం కూడా అక్కర్లేదు. 2011లో లినక్స్ గ్రాఫిక్స్ టూల్ బంబుల్‌బీ ఇన్‌స్టాల్ స్క్రిప్టులో పొరపాటున పడిన ఒక్క స్పేస్ యూఎస్ఆర్ డైరెక్టరీ మొత్తాన్ని ఊడ్చేసింది.

‘ప్యాకేజీలు పెట్టే ఆప్ట్ కూడా రూట్‌గానే నడుస్తుంది కదా’ అన్న ప్రశ్న మాత్రం నిజంగా జవాబివ్వదగ్గది. ప్యాకేజీకి సంతకం ఉంటుంది, అందరికీ ఒకటే అందుతుంది, రేపు అనుమానమొస్తే విప్పి చూడటానికి మిగిలి ఉంటుంది. ఆ దారీ అభేద్యం కాదు, ఫైళ్లు కుదించే ఎక్స్‌జెడ్ వెనుక తలుపు ఆ దారినే డెబియన్ పరీక్షా వెర్షన్లలోకి దూరింది. దాన్ని 2024 మార్చి 29న బయటపెట్టిన ఇంజనీరు ఆండ్రెస్ ఫ్రాయిండ్ ఎలా పట్టారు? ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని విసుక్కుని, పెర్ఫ్ పెట్టి, వాల్‌గ్రైండ్ ఫిర్యాదులు గుర్తుచేసుకుని, తవ్వుకుంటూ పోయారు. ఆయనకెవరూ మార్కులు చూపించలేదు.

ఇక ఆ మార్కుల సంగతి తలుచుకుంటే వెటకారం కూడా రావట్లేదు, ఒళ్లు మండుతోంది. రూట్‌కిట్లు వెతికే చెక్‌రూట్‌కిట్‌లోనే 2014లో రంధ్రం బయటపడింది. స్క్రిప్టులో రెండు కొటేషన్ గుర్తులు మరిచారు. దాంతో టెంప్ డైరెక్టరీలో ‘అప్‌డేట్’ పేరుతో ఎవరు ఫైలు పెట్టినా అది రూట్ హోదాలో నడిచేది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడింది. పైగా దొంగ ఒకసారి లోపలికొచ్చి ప్రీలోడ్ లైబ్రరీ పెట్టాడంటే ఎల్ఎస్, పీఎస్ అన్నీ వాడు చెప్పమన్నదే చెబుతాయి. ఆ యంత్రాన్నే ‘నువ్వు బాగున్నావా’ అని అడిగి, బాగున్నానన్నదని ఆడిట్ ఫైల్లో ప్రింటు పెట్టుకోవడం మోసం. మొహమాటం లేకుండా ఆ మాటే అనాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగులు 180 రోజులు దాచాలి, చొరబాటు తెలిసిన 6 గంటల్లో చెప్పాలి. లాగులు దాస్తారు, అటకమీద పాత ఇత్తడి సామానులా. తెరిచి చూస్తే కదా తెలిసేది, తెలిస్తే కదా ఆ 6 గంటలు మొదలయ్యేది! తీరా కొంప మునిగాక తిట్లు తినేది నిన్న మొన్న చేరిన కాంట్రాక్టు కుర్రాడు. వాడికి లైను పేస్ట్ చేయడం నేర్పిన పెద్దలెవరూ లాగు చదవడం నేర్పలేదు.

చిన్న సంస్థలం, అంత తీరికెక్కడిది అంటారు. ఏ పోర్టులు తెరిచి ఉన్నాయో ఎస్‌ఎస్ చెబుతుంది, ఎవరెప్పుడు లాగిన్ అయ్యారో లాస్ట్ చెబుతుంది, తలుపు తట్టి విఫలమైనవాళ్ల జాబితా జర్నల్‌సీటీఎల్‌లో ఉంటుంది. చాలా సర్వర్లలో ఇవన్నీ ముందే ఉంటాయి, ఎక్కణ్ణుంచీ దించుకోనక్కర్లేదు. అనుమానం గట్టిపడితే ఆ యంత్రం మాట నమ్మకుండా డిస్కును వేరే శుభ్రమైన సిస్టమ్ నుంచి చూడాలి. వీటితో వచ్చిన చిక్కల్లా అవి మార్కులు వేయవు, మన ముందు పెట్టిందాన్ని మనమే కూర్చుని చదవాలి. అంత ఓపిక ఎవరికుంది? అన్నట్టు ఈ కొత్త లైను చివర హైఫన్ వై కూడా తగిలించారు. మధ్యలో అది ఏమడిగినా ‘సరే’ అని ముందే చెప్పేసినట్టట.