ఎజెండాలో రాయలేని ఐటెం

కంచిలిలో రైలు దిగితే స్టేషన్ బోర్డు మీద సోంపేట అని ఉంటుంది. స్టేషన్ మా ఊళ్లోది, పేరు పక్క ఊరిది. కొత్త కోడళ్లు దిగాలా వద్దా అని తలుపు దగ్గర తటపటాయిస్తారు గానీ, పాత కోడళ్లకి ఇందులో వింతేమీ కనబడదు. మేం ఏ పని చేసినా బోర్డు మీద పేరు వేరేవాళ్లదే. గ్రామదేవత సంబరానికి వాకిళ్లు ఊడ్చి ముగ్గులేసేది మేం. ఫ్లెక్సీ నిండా మీసాలే.

అలాంటి మాకూ ఒక క్లబ్బుంది. బట్టలు కుట్టే అప్ప, అంగన్‌వాడీలో చేసి రిటైరైన వదిన, జీడితోటల్లో పిక్కలేరే పిన్ని, డ్వాక్రా పద్దులు రాసే పిల్ల, చుట్ట కాల్చే మా పెద్దత్త, కాగితాలు రాయడానికి నేను, ఇంకా కొందరు. ఈ ఏడు ఏం చేస్తారో రాసి పంపమని మాకో ఫారం వచ్చింది. అందులో రెండు గళ్లు. మొదటిది ‘సభ్యుల వ్యక్తిగత శ్రేయస్సు’, రెండోది ‘సమాజ సేవ’. ఏ గడీ ఖాళీ వదలకూడదు.

“మన కోసం ఒకటి, ఊరి కోసం ఒకటి రాయాలట అత్తా” అన్నాను.

“మనం ఊర్లో నేమేటి?” అంది పెద్దత్త.

ఆ ప్రశ్నకి ఫారంలో చోటు లేదు.

ఆడవాళ్ల సంఘాలకి పైనుంచి సలహాలు దిగడం ఇప్పటి సంగతి కాదు. 1952లో సమాజ వికాస పథకం వచ్చాక ఊళ్లలో మహిళా మండళ్లు వెలిశాయి, వాటి వెనకే కుట్టుమిషన్లూ వచ్చాయి. ఆడదానికి ఎలాంటి కష్టమొచ్చినా కుట్టుమిషన్‌తో తీరుతుందన్న నమ్మకం మన ప్రభుత్వాలకి ఇప్పటికీ పోలేదు. 1982లో డ్వాక్రా మొదలైంది. ఆ తర్వాత పొదుపు, బ్యాంకు లింకేజీ, పావలా వడ్డీ, సున్నా వడ్డీ వరసగా వచ్చాయి. సంఘాలకి పంచసూత్రాలున్నాయి: క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, వాయిదా చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. అయిదింటిలో ఒక్కటైనా ‘కాసేపు నడుం వాల్చండమ్మా’ అనదు.

అసలు పెద్ద పనులేవీ ఫారం నింపి చేసినవి కావు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మీదికి వెళ్లింది అక్షరాలు నేర్చుకునే బడిలోంచి. ఆ ఉద్యమం 1992లో జిల్లా అంతా పాకింది, 1993లో సారా పోయింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఇప్పుడా పనిని ఈ ఫారంలో ఏ గడిలో రాస్తారు? మొగుడు తూలకుండా ఇంటికొస్తే మొదటి గడి. ఊళ్లో మొగుళ్లంతా తూలకుండా వస్తే రెండోది. అదే మొగుడు రెండు గళ్లలోనూ ఉన్నాడు.

హైదరాబాద్‌లో ఉండే మా మేనకోడలికి ఫోన్ చేశాను. అక్కడి క్లబ్బుల్లో ఐడియాలకి కొదవ లేదు. మొదటిది లాఫింగ్ క్లబ్బు. పొద్దున్నే మైదానంలో నిలబడి అందరూ ఒక్కసారి గట్టిగా నవ్వాలట. మా వీధిలో ఇద్దరు ఆడవాళ్లు కలిసి నవ్వితేనే మూడో ఇంటావిడ “మా గురించేనా?” అని అడుగుతుంది. ఇరవైమందిమి నవ్వితే పెద్దల్ని కూర్చోబెట్టి పంచాయితీ చేయించాల్సిందే. రెండోది కృతజ్ఞతా డైరీ. రోజూ పడుకునే ముందు ఆ రోజు జరిగిన మంచి రాసుకోవాలి. కుట్టుమిషన్ అప్ప జాకెట్ల కొలతల పుస్తకంలో బుద్ధిగా రాసింది: ‘ఈరోజు కరెంటు పోలేదు. బావ ఊరెళ్లాడు.’ ఆ పుస్తకం బావ కంటపడింది. అప్పట్నుంచి ఆయన ఊరెళ్లడం లేదు. మూడోది ధ్యానం. అది బాగుందని ఎజెండాలో మొదటి ఐటెంగా రాసుకున్నాం.

ఆరోగ్యం అన్నాక చుట్ట సంగతి రాకుండా ఉండదు. మా వైపు పెద్దవయసు ఆడవాళ్లు చాలామంది అడ్డచుట్ట కాలుస్తారు. అంటే వెలిగించిన కొస నోట్లో పెట్టుకుంటారు. దాంతో అంగిలికి క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉందని డాక్టర్లు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. వదిన ఆ మాటే చెప్పింది. పెద్దత్త దగ్గర జవాబు సిద్ధంగా ఉంది: “నిప్పు లోపలుంటే గాలికి ఆరదు, కొంగుకి అంటుకోదు, సేతులు రెండూ పనికి కాళీ.” ఆవిడకి ఎదురు చెప్పడం మావల్ల కాలేదు. మానేస్తానని అనలేదు గానీ, అంగిలి డాక్టరుకి చూపించడానికి ఒప్పుకుంది. మొదటి ఏడాదికి అది తక్కువేం కాదు.

తర్వాతి ఐటెం కిడ్నీలు. ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఉద్దానం ఏడు మండలాల్లో కిడ్నీ పరీక్షలో చూసే క్రియాటినిన్ అన్న మాట బడికెళ్లని వాళ్లకీ తెలుసు. వేరే ఊళ్లలో చుట్టాలు కలిస్తే పిల్లల మార్కులడుగుతారు, ఇక్కడ పెద్దవాళ్ల క్రియాటినిన్ అడుగుతారు. మా దగ్గర కిడ్నీ జబ్బు ఇంతగా ఎందుకొస్తోందో ఇదీ అని ఇంకా తేలలేదు. నీళ్లన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో ఒళ్లు ఎండిపోవడమన్నారు, నొప్పి బిళ్లలన్నారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం రిజర్వాయరు నుంచి గొట్టాల్లో మంచినీళ్లు తెచ్చే పథకమూ అప్పుడే ప్రారంభమైంది.

మా వంతుగా నొప్పి బిళ్లల మీద పడ్డాం. ముడుకు నొప్పికి కొట్లో బిళ్ల కొని మింగడం మా అందరికీ అలవాటే. డాక్టరు రాయకుండా అలా మింగుతూ పోతే కిడ్నీకి చేటని వదిన చెప్పి, “ఎవరి దగ్గరున్నవి వాళ్లు తీయండి” అంది. రొండిన దోపుకున్న సంచుల్లోంచి, చిల్లర మూటల్లోంచి, వక్కపొడి డబ్బాల్లోంచి ఎరుపువీ, తెలుపువీ బిళ్లలు చాప మీద గుట్టపడ్డాయి. ముందుగా తీసింది వదినే.

అప్పుడు వదిన ఇంకో మాటంది. “ఎండలో పనిచేసేవాళ్లు మాటిమాటికీ నీళ్లు తాగాలి.”

మార్చి నుంచి మే దాకా ఎండలో పిక్కలేరే పిన్ని ఇంతసేపూ ఒక్క మాటా మాట్లాడలేదు. ఇప్పుడు అందుకుంది. “నీల్లు తాగితే తరవాత ఎక్కడికెల్లాల? మగోల్లు సెట్టు సాటుకెల్తారు. నానెల్తే సెట్టే సిగ్గుపడతాది. తిత్లీ తుపానుకి ఆ సెట్లూ పడిపోనాయి. మొక్కేసి మనిసెత్తు అయినదాకా సాటూ నేదు, నీడా నేదు. పొద్దున గలాసుడు తాగి ఎల్తాను. మల్లీ ఇంటికొచ్చినాకే.”

2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చింది. ఎన్ని కొబ్బరిచెట్లు, ఎన్ని జీడిచెట్లు కూలాయో అందరూ లెక్కలు రాసుకున్నారు. చెట్టుతోపాటు చాటు కూడా కూలిన సంగతి ఏ నష్టాల జాబితాలోకీ ఎక్కలేదు.

పిన్ని మొదలుపెట్టాక ఒక్కొక్కరూ విప్పారు. సంతకెళ్లే రోజు నీళ్లు ముట్టనని ఒకావిడ. బస్సు ప్రయాణం ఉంటే ముందురోజు రాత్రి నుంచే మానేస్తానని ఇంకొకావిడ. అంగన్‌వాడీలో పిల్లలకి గంటకోసారి తాగమని చెప్పి, తాను మాత్రం సాయంత్రం దాకా ఆగేదాన్నని వదిన. పద్దుల పిల్ల పెన్ను కింద పెట్టేసింది. ఇంతమందిమి ఏళ్లకేళ్లు కథా ప్రసాదమూ లేని నిర్జల వ్రతం పట్టామని అప్పుడు తెలిసింది.

మధ్య అమెరికాలో చెరకు నరికే కూలీలకీ ఇలాంటి కిడ్నీ జబ్బే ఉంది. అక్కడ కొన్ని తోటల్లో నీళ్లు, నీడ, విశ్రాంతి అని మూడు నియమాలు పెట్టుకున్నారు. మా పిన్ని వాటికి నాలుగోది చేర్చింది. నాలుగోది లేకపోతే మొదటిది గొంతు దిగదు.

ప్రాజెక్టు దొరికింది గానీ రాయడమెలా? ‘మరుగుదొడ్డి’ అని రాయడానికి పద్దుల పిల్లకి చెయ్యి రాలేదు. చివరికి మంచినీళ్ల కార్యక్రమం అని రాసింది. గొయ్యి, పలక, నాలుగు పక్కలా తాటాకు దడి, ఒక నీళ్ల డ్రమ్ము. ఖర్చు ఎక్కువేం కాదు, అడగడమే కష్టం. తోట యజమాని “ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెందుకు?” అన్నాడు. పెద్దత్త చుట్ట తీసి, “మీయమ్మ కూడా ఈ తోటలోనే పిక్కలేరింది బావూ. ఇంటికెల్లి అడిగిరా” అంది. అతను వెళ్లాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో గానీ, మర్నాడు తాటాకులు వచ్చాయి. డ్రమ్ము కూడా వచ్చింది.

ఫారం పంపినవాళ్లు ప్రారంభోత్సవం ఫోటో అడిగారు. రిబ్బన్ కత్తిరించడానికి పెద్దమనుషుల్ని పిలిస్తే ఒకాయనకి ఆ రోజే పెళ్లి వచ్చింది, ఇంకొకాయనకి జ్వరం వచ్చింది. దడి ముందు మేమే నిలబడ్డాం. ఊరి చరిత్రలో మీసాల్లేని ఫ్లెక్సీ అదే. ఇక గళ్ల సంగతంటారా, మొదటి దానిలో ‘నీళ్లు తాగడం’ అని, రెండో దానిలో ‘తాగనివ్వడం’ అని రాసి పంపించేశాం.

మీ ఊళ్లో క్లబ్బుంటే నా సలహా ఒకటే. ఐడియాల కోసం ఎక్కడికీ ఫోన్లు చేయకండి. మీలో తక్కువ మాట్లాడే ఆవిడని, నీళ్లు ఎందుకు తాగడం లేదో అడగండి. ఏడాదికి సరిపడా పని బయటపడుతుంది.

మాకైతే అప్పుడే వచ్చే నెల పని కూడా తగిలింది. బిళ్లలన్నీ లాగేసుకున్నారు, మరి ముడుకుల మాటేంటని పిన్ని అడిగింది. పొద్దస్తమానం గొంతుక్కూర్చుని పిక్కలు ఒలిస్తే నొప్పి రాక ఏమవుతుంది? అందుకని మనిషికో పీట అడుగుతున్నాం. ధ్యానం మాత్రం ఆ పై నెలకి వాయిదా వేశాం. దానికీ కూర్చోవాలట కదా, ముందు పీటలు రానివ్వండి.