పెట్టెలో పట్టా

మా ఊళ్ళో నిలబడితే పద్మనాభం కొండ కనబడుతుంది. 1794 జూలై 10న ఆ కొండ కిందే విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కుంపిణీ సైన్యంతో పోరాడి ప్రాణం విడిచాడు. తగువు కుంపిణీకి కట్టాల్సిన పేష్కష్ బకాయిల దగ్గర మొదలైంది. ఆ కథ మా పిల్లలందరికీ తెలుసు. ఎనిమిదేళ్ళ తర్వాత, తుపాకీ పేలకుండా వచ్చిన మార్పు సంగతే మాకెవరూ చెప్పలేదు.

1802లో కుంపిణీ శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చింది. విజయనగరం జమీలోని 24 పరగణాలకి, 1157 ఊళ్ళకి కలిపి ఏటా 5 లక్షల రూపాయల పేష్కష్ ఖాయమైంది. అప్పటి రాజు జమీందారయ్యాడు. మరి రైతు? ఆ ఏడాదే వచ్చిన 30వ రెగ్యులేషన్ రైతుకి జమీందారు పట్టా రాసివ్వాలంది. 28వది మాత్రం, శిస్తు బాకీ పడితే కోర్టు మొహం చూడకుండానే రైతు సొత్తు జప్తు చేసుకోవచ్చంది. పట్టా ఇవ్వకపోతే అదాలతుకి నడిచి వెళ్ళాల్సింది రైతే. నా మట్టుకు, ఊళ్ళ తలరాత రాసింది ఆ 28వదే.

మా తాతకి ఈ అంకెలేవీ తెలీవు. ఆయనకి తెలిసింది ఒక్కటే: మా ఇంట్లో కుంపిణీ నాటి పట్టా ఉంది. పసుపు గుడ్డలో చుట్టి కర్రపెట్టెలో దాచేవాడు. ఏటా దసరాకి తీసి కుంకుమ పెట్టేవాడు. అది గొలుసుకట్టు రాత, అక్షరానికీ అక్షరానికీ సందివ్వకుండా కరణాలు రాసేది. మా బడి మేష్టారికి కూడా ఒక్క ముక్క అందలేదు.

"సదవక్కర్లేదురా బుల్లోడా. మనల్ని ఈ మడిలోంచి ఎవుడూ లెగమన్లేడని అందులో ఉంటాది" అనేవాడు తాత.

1948 చట్టంతో జమీందారీలు పోయాయి. కొన్నేళ్ళకి సెటిల్‌మెంటు వాళ్ళు ఊరికొచ్చి, ఎవరి దగ్గర ఏ కాగితముందో చూపమన్నారు. తాత మొహం వెలిగిపోయింది. ఉతికిన పంచె కట్టి, నన్ను వెంటబెట్టుకుని, విశాఖపట్నం కోటవీధిలో ఉండే ముసలి కరణంగారింటికి బయల్దేరాడు. అప్పుడు నాకు పదేళ్ళు. పెట్టె దారంతా ఆయన ఒళ్ళోనే ఉంది.

కరణంగారు కళ్ళద్దాలు సర్దుకుని, కుంకుమ మరకల కింద అక్షరాల్ని వేలితో వెతికారు.

"ఫసలీ 1217" అన్నారు. అంటే 1807-08.

తాత నా భుజం గట్టిగా నొక్కాడు. కరణంగారి వేలు కిందికి దిగుతోంది గానీ నోరు మెదపటం లేదు.

"ఏటుంది బాబూ, సదవండి."

"ఏమయ్యా, ఇది..."

"గట్టిగా సదవండి బాబూ. పిల్లోడు ఇనాలి."

ఆయన గొంతు సవరించుకున్నారు.

"శిస్తు బాకీ కింద జప్తు చేసిన సొత్తు వివరం. ఆవులు, రెండు. వడ్లు, రెండు పుట్లు. ఇత్తడి బిందె, ఒకటి. కంచు గిన్నెలు, నాలుగు."

నా భుజం మీద చెయ్యి జారిపోయింది. కరణంగారు ఆఖరి వరస దగ్గర ఆగి, తాత వైపు ఒకసారి చూసి, కళ్ళు దించుకుని చదివారు.

"పట్టా కాగితం, ఒకటి."