‘పన్ను అమర్చబడును’: టీకా తాత్పర్య సహితం

అవతారిక
గౌలిగూడ నుంచి ఉస్మానియా ఆసుపత్రి వైపు నడిచేవాడు, దవడపన్ను ఊడిన చోట నాలుక పదేపదే తడుముతుండగా, తలెత్తితే కనబడే వాఙ్మయం ఇది. కవి అజ్ఞాతుడు. ఏ ఒక్క క్లినిక్‌దీ కాదు. పలు బోర్డుల పాఠాలు పరిష్కరించి కూర్చిన ప్రతి. ఛందస్సు ఫ్లెక్సీ. యతిస్థానంలో ఫోన్ నంబరు.

మూలం
ఒక్క రోజులో, నొప్పి లేకుండా, జీవితకాల గ్యారంటీతో ఇంప్లాంట్ పన్ను అమర్చబడును. చెకప్ ఫ్రీ.

ప్రతిపదార్థం
ఒక్క రోజులో = సూర్యోదయాస్తమయముల నడుమ; నొప్పి లేకుండా = బిల్లు చూచువఱకు బాధ తెలియకుండ; జీవితకాల గ్యారంటీతో = ఎవరి జీవితకాలమో చెప్పని అభయముతో; ఇంప్లాంట్ పన్ను = ఎముకలో దిగిన టైటానియం మరమేకు, దానిపై అబట్‌మెంటు, దానిపై క్యాపు అను మూఁటి సముదాయము; అమర్చబడును = (ఎవరిచేతనో) అమర్చబడును; చెకప్ = నోరు తెఱపించుట; ఫ్రీ = ఉచితము, తరువాతిది కాదు.

తాత్పర్యం
ఓ పన్ను ఊడినవాడా, ముందు మెట్లెక్కి పైకి రా, మిగతాది కుర్చీలో మాట్లాడుకుందాం అని భావం.

విశేషాలు
‘ఒక్క రోజులో’: అతిశయోక్తి అలంకారం, పూర్తిగా అబద్ధం కాదు. స్క్రూ దించడం ఒక పూట పని. ఎముక దాన్ని పట్టుకోవడం నెలల పని. 1965లో తొలి రోగికి టైటానియం ఇంప్లాంట్లు పెట్టిన స్వీడన్ వైద్యుడు బ్రోనెమార్క్ సంప్రదాయంలో కింది దవడకి సుమారు మూడు నెలలు, పై దవడకి ఆరు నెలలు ఆగాకే పన్ను. ఎముక గట్టిగా ఉండి స్క్రూ బిగువుగా దిగితే ఇప్పుడు అదే రోజు తాత్కాలిక పన్ను పెట్టడమూ ఉంది. మీ దవడ ఆ కోవలోదో కాదో బోర్డు చెప్పదు, సీబీసీటీ అనే దవడ 3డి స్కాన్ చెబుతుంది. కింద నరం ఎంత దూరమో, పైన సైనస్ ఎంత దగ్గరో చూడకుండానే పని ఖాయం చేసేవాడు జ్యోతిష్కుడు.

‘నొప్పి లేకుండా’: స్వభావోక్తి. మత్తు వల్ల పోయే ప్రాణం గుండె ఆగి పోతుందా, ఊపిరి ఆగి పోతుందా అని 1888, 1889లలో హైదరాబాదులోనే రెండు క్లోరోఫాం కమిషన్లు తర్కించాయి. ఇంప్లాంట్‌కి సాధారణంగా అంత మత్తు అక్కర్లేదు. చిగురుకి సూది మందు చాలు. అసలు భయం మీరు చెప్పని సంగతుల్లో ఉంది: అదుపులో లేని షుగరు, సిగరెట్టు, రక్తం పలచబడే మాత్రలు, ఎముకలు గుల్లబారకుండా వేసుకునే మందులు. వీటిని తనంత తానే గుచ్చిగుచ్చి అడిగేవాడు వైద్యుడు.

‘జీవితకాల గ్యారంటీ’: స్క్రూకి పుచ్చు పట్టదు గాని, దాని చుట్టూ చిగురు చీము పట్టి ఎముక కరగవచ్చు. దశాబ్దాలు నిలబడ్డ గౌలిగూడ పాత బస్టాండు హ్యాంగర్ 2018 జూలైలో కూలిపోయింది. ప్రమాదం పసిగట్టి ముందే బస్సులు తప్పించారు గనక ప్రాణాలు దక్కాయి. గ్యారంటీ కన్నా తనిఖీ గొప్పదని ధ్వని.

‘అమర్చబడును’: ఇదే ప్రాణపదం. కర్మణి ప్రయోగం, కర్త లోపించాడు.
శంక: బోర్డు మీద పేరున్నవారే కర్త కదా?
సమాధానం: కానక్కర్లేదు. విజిటింగ్ కన్సల్టెంట్ ఆదివారం వచ్చి వేసి వెళ్తే, సోమవారం బుగ్గ వాచినప్పుడు ఫోనెత్తేది రిసెప్షన్. బయటి డాక్టరు రావడం దోషం కాదు, ఆ మాట ముందే చెప్పకపోవడం దోషం.
శంక: ఏ డిగ్రీ ఉండాలి?
సమాధానం: మన దేశంలో ఇంప్లాంట్లకని ప్రత్యేకంగా ఎండీఎస్ లేదు. పీరియోడాంటిక్స్ (చిగుళ్ల వైద్యం), ఓరల్ సర్జరీ, ప్రోస్థోడాంటిక్స్ (కట్టుడు పళ్ల శాఖ) చదివినవారు వేస్తారు. శిక్షణ పొందిన బీడీఎస్‌లూ వేస్తారు. పేరు వెనక ఫెలోషిప్ అక్షరాలు ఎన్నున్నా, కొన్ని వారాంతపు కోర్సులవి. కనుక ఎన్ని వేశారు, ఎన్ని విఫలమయ్యాయి అని అడగడమే ప్రమాణం. రాష్ట్ర డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడడం అంతకు ముందు మెట్టు.

పాఠాంతరం
రెండో ప్రతి చూడకుండా పాఠం నిర్ణయించరాదు. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి దగ్గరే 1959 నాటి ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉంది. పైన చెప్పిన మూడు శాఖలూ అక్కడ ఒకే గేటు లోపల. గౌలిగూడ వారికి నడిచేంత దూరం. ఓపీ చీటీ రాయించుకుని, మీ స్కాన్ చూపించి, ఇది చేయించుకోవచ్చునా అని అడగండి.

ఫలశ్రుతి
వేసేది ఎవరు, ఏ కంపెనీ స్క్రూ, లాట్ నంబరు స్టిక్కరు ఇస్తారా, ఊడితే ఖర్చు ఎవరిది, ఏటా చూసేది ఎవరు? ఈ ప్రశ్నలకి విసుక్కోకుండా జవాబు చెప్పి కాగితం మీద రాసిచ్చే డాక్టరు దొరికితే కుర్చీ ఎక్కండి. విసుక్కుంటే మెట్లు దిగండి.