ఇరవై నిమిషాల్లో అవ్గోలెమోనో: తొందరగలవారికి ప్రామాణిక విధానం

గ్రీకుల ఇళ్లలో జలుబు చేసినవారికీ, చలికాలపు సాయంత్రాలకూ వండే కోడి చారును ‘కొతోసూపా అవ్గోలెమోనో’ అంటారు. ‘కోత’ అంటే పెట్ట, ‘అవ్గో’ అంటే గుడ్డు, ‘లెమోని’ అంటే నిమ్మ. కావలసిన సరుకులు దాదాపు అన్నీ పేరులోనే ఉన్నాయి, అందులో చెప్పకుండా వదిలేసింది ఓపిక ఒక్కటే. కోడిని ఉడికించిన నీటిలో గుప్పెడు బియ్యం మెత్తబరచి, గుడ్లూ నిమ్మరసమూ గిలక్కొట్టిన మిశ్రమాన్ని చివర్లో చేర్చి, చుక్క మీగడ వేయకుండానే మీగడ వేసినంత చిక్కదనాన్ని రాబట్టడం ఈ వంట సారాంశం. పద్ధతిగా వండితే దీనికి గంటన్నర పడుతుంది. ఆ గంటన్నర తమ దగ్గర లేదని నమ్మేవారి సంఖ్యకు తక్కువ లేదు కనుక, ఇరవై నిమిషాల విధానాన్ని శాస్త్రబద్ధంగా నిరూపించడం ఇక్కడి ఉద్దేశం.

తొందరగల సాధకుడు మొదట చేయవలసింది పొయ్యి వెలిగించడం కాదు, ఈ చారుకు మూడువేల ఏళ్ల చరిత్ర ఉందని అతిథులకు చెప్పడం. ప్రాచీనత రుచిలోని లోపాలను కప్పుతుంది, పైగా దానికి గ్యాసు ఖర్చు కాదు. సోక్రటీసు ఈ చారు జుర్రుకునేవాడని చెప్పడానికి సంకోచించనక్కరలేదు. కాదనగలిగేవారు విందులకు అరుదుగానే వస్తారు. పొరపాటున ఎవరైనా వస్తే, నిమ్మ అనేది చేదు నారింజకూ మాదీఫలానికీ పుట్టిన సంకర సంతానమనీ, అది మధ్యధరా తీరాల్లో విస్తరించింది అరబ్బుల కాలంలో, అంటే క్రీ.శ. 10వ శతాబ్దం ప్రాంతంలో అనీ, సోక్రటీసు తరువాతి కాలానికి చెందిన వృక్షశాస్త్రకారుడు థియోఫ్రాస్టస్ వర్ణించింది మాదీఫలాన్నే తప్ప నిమ్మను కాదనీ అంటారు. అంతటితో ఆగక, అరిస్టోఫనీస్ క్రీ.పూ. 414లో ప్రదర్శించిన ‘పక్షులు’ నాటకంలో కోడిని పారశీక పక్షి అన్నాడనీ, వరి సంగతి గ్రీకులకు బాగా తెలిసింది అలెగ్జాండర్ దండయాత్ర తరువాతేననీ కూడా చెబుతారు. ఆ లెక్కన ఈ గ్రీకు చారులోని కోడీ, నిమ్మా, బియ్యమూ మూడూ తూర్పు దిక్కు నుంచి వెళ్లినవే. అటువంటి అతిథికి వెంటనే ఉల్లిపాయలు తరిగే పని అప్పగించడం మేలు.

గుడ్డూ పులుపూ కలిపి చిక్కబరచే విద్య విషయంలోనూ గ్రీకుల హక్కు నిర్వివాదం కాదు. 1492లో స్పెయిను నుంచి వెళ్లగొట్టబడిన యూదుల్లో చాలామంది ఉస్మానీ తురుష్క సామ్రాజ్యంలోని థెస్సలోనికి నగరంలో స్థిరపడ్డారు. ఈ సెఫార్దీ యూదులు తమ వంటలో వాడే ‘అగ్రిస్తాద’ అనే గుడ్ల పులుపు రసమే అవ్గోలెమోనోకు మూలమని కొందరు ఆహార చరిత్రకారుల అభిప్రాయం. నిమ్మ అందుబాటులోకి రాకముందు వారు దానిమ్మ రసం, పచ్చి ద్రాక్ష రసం, చేదు నారింజ రసం వంటివి వాడేవారట. ఆ నగరం గ్రీసులో కలిసింది 1912లో. అయితే సాధకుడికి ఈ చరిత్రలో పనికివచ్చే ముక్క ఒకటే, అది తురుష్కులు ఇదే మిశ్రమానికి పెట్టిన పేరు: ‘తెర్బియె’. అరబ్బీ నుంచి వచ్చిన ఈ మాటకు పెంపకం, శిక్షణ, మర్యాద అని అర్థాలున్నాయి. ‘తెర్బియెలి’ చారు అంటే గుడ్డు కలిపి చిక్కబరచినదని వంటింటి అర్థం, మర్యాద నేర్చినదని మాటకు అర్థం. ‘తెర్బియెసిజ్’ అనేది మాత్రం మనుషుల మీద వాడే తిట్టు, పెంపకం సరిగా లేనివాడని దాని భావం. ఇరవై నిమిషాల్లో తయారయ్యే చారు ఈ రెండింటిలో ఏ కోవకు చెందుతుందో ముందు ముందు తేలుతుంది.

ఇక కోడి సంగతి. సంప్రదాయజ్ఞులు కిలో పైచిలుకు బరువున్న కోడిని చర్మంతో, ఎముకలతో సహా రెండు లీటర్ల చన్నీళ్లలో వేసి, ఉల్లిపాయ, క్యారెట్, సెలరీ కాడ, మిరియాలు జోడించి, పైకి తేలే మడ్డిని తీసివేస్తూ, నీళ్లు తెర్లకుండా సన్నసెగ మీద గంటసేపు ఉంచుతారు. కుతకుత ఉడికిస్తే కొవ్వు నీటిలో చితికి కలిసిపోయి చారు మబ్బుపడుతుంది. నిదానంగా ఉంచితే ఎముకల్లోని, చర్మంలోని కొల్లాజెన్ అనే మాంసకృత్తు కరిగి జెలటిన్‌గా మారి, నాలుకకు నునుపుగా తగిలే పస వస్తుంది. ఇదంతా తీరిక ఉన్నవారి వ్యసనం. తొందరగలవాడు దుకాణంలో చర్మం ఒలిపించి, ఎముక తీయించి, రుచికి ఆధారమైన రెండింటినీ అక్కడే వదిలేసి, తెల్లని రొమ్ము మాంసాన్ని మాత్రమే ఇంటికి తెచ్చుకోవాలి. దాన్ని పెద్ద మంట మీద పదిహేను నిమిషాలు ఉడికిస్తే కోడికి రబ్బరు గుణమూ నీటికి నీటి గుణమూ నిలుస్తాయి. లోటు తీర్చడానికి ఉప్పుతో నిండిన చికెన్ క్యూబులు ఉన్నాయి. ఒకటి చాలునని పొట్లం మీద ఉంటే రెండు వేయాలి. నాటుకోడిని వాడితే ఎలా ఉంటుందని అడిగేవారికి, అది ఉడికేలోపు ఈ వ్యాసాన్ని నాలుగుసార్లు చదవవచ్చని సమాధానం.

చారులో వేసే ఆకు గురించి ఒక మాట చెప్పక తప్పదు. గ్రీకులు వేసేది ‘దాఫ్ని’ ఆకు, అంటే మధ్యధరా ప్రాంతపు లారెల్ చెట్టుది. తెలుగువారి అంగళ్లలో బిర్యానీ ఆకు పేరుతో దొరికేది దాల్చిన చెక్క కుటుంబానికి చెందిన వేరే చెట్టుది. పొడవునా మూడు ఈనెలు తేలి కనిపించడం, లవంగమూ దాల్చినా కలిసిన వాసన రావడం దాని గుర్తులు. రెండూ ఒకటేనని భావించి నాలుగు ఆకులు వేసిన సాధకుడి ఇంట్లో చారుకు బదులు దమ్ బిర్యానీ ఘుమఘుమలు లేస్తాయి, అతిథులు లేని బిర్యానీ కోసం కాచుకుని కూర్చుంటారు. దాఫ్ని అనేది గ్రీకు పురాణంలో ఒక వనకన్య పేరు కూడా; అపోలో దేవుడు ఆగలేక వెంటపడితే తప్పించుకోవడానికి ఆమె చెట్టయిపోయింది. తొందరపడి వెంబడిస్తే చేతికి ఆకులే మిగులుతాయని వంటపుస్తకాలు హెచ్చరించవు.

బియ్యం విషయం చిన్నది. గ్రీకులు పొట్టి, గుండ్రని, జిగురున్న గింజను వాడతారు, లేదా ‘చిన్న బార్లీ’ అనే అర్థం వచ్చే ‘క్రిథరాకి’ అనే గోధుమ పాస్తాను వేస్తారు. గింజ విడిచిన గంజి చారుకు చిక్కదనాన్నిస్తుంది కనుక బియ్యాన్ని ఎక్కువగా కడగరు. నిన్నటి అన్నం వేయడం త్వరిత విధానం. ఆ అన్నం ఏమీ ఇవ్వదు, ఉన్నది పీల్చుకుంటుంది.

ఇప్పుడు అసలు ఘట్టం. గుడ్డులోని తెల్లసొన దాదాపు 62 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది, పచ్చసొన 65 దగ్గర చిక్కబడి 70 దగ్గర గట్టిపడుతుంది. ద్రవం కలిసి పలచబడినప్పుడు ఈ హద్దు మరికొంత పైకి జరుగుతుంది. మాంసకృత్తులు వేడికి తమ ముడులు విప్పుకుని ఒకదాన్నొకటి పట్టుకోవడమే చిక్కబడటం. ఆ పట్టు అతిగా బిగిసినప్పుడు నీరు బయటికి నెట్టబడి తునకలుగా మిగలడమే విరగడం. పాలు విరిగినట్టే ఇదీ విరుగుతుంది, అయితే గ్రీకులు దీన్ని ‘ఎకోప్సె’ అంటారు, అంటే ‘తెగింది’ అని. అందువల్ల రెండు మూడు గుడ్లను నురగ వచ్చేదాకా గిలక్కొట్టి, రెండు పెద్ద నిమ్మకాయల రసాన్ని చేర్చి, పొయ్యి మీంచి దించిన చారును ఒక గరిటెడు తీసుకుని సన్నని ధారగా ఆ మిశ్రమంలోకి వంపుతూ, చేయి ఆపకుండా తిప్పుతూ, ఇంకొక గరిటె, మరొక గరిటె చొప్పున గుడ్డుకు వేడిని అలవాటు చేసి, అది వెచ్చబడిన తరువాతే మొత్తాన్ని తిరిగి గిన్నెలో కలపాలి. అప్పుడు కనిష్ఠ సెగ మీద, 71 డిగ్రీలు దాటేటట్టు, కాని ఉడుకు పట్టకుండా, కాసేపు తిప్పితే గుడ్డులో హానికర సూక్ష్మజీవులుంటే నశిస్తాయి, చారు పట్టులా జారుతుంది. తురుష్కులు మర్యాద నేర్పడమన్నది దీన్నే: కొత్తవాణ్ని సభ మధ్యలోకి తోసేయకుండా ఒక్కొక్కరినే పరిచయం చేయడం.

తొందరగలవాడికి ఇందులో ప్రతి మెట్టూ అనవసరం. గుడ్లను ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసి, చల్లదనం తగ్గకముందే పగలగొట్టి, రెండుసార్లు గరిటె ఆడించి, పొయ్యి మీద తెర్లుతున్న చారులోకి ఒక్క ఉదుటున కుమ్మరించాలి. ఫలితం కళ్లముందే, మూడు క్షణాల్లో కనిపిస్తుంది. ఈ విధానంలో ప్రకటించిన వేగం నిజంగా నిలబడేది ఇక్కడే. నిమ్మరసాన్ని కూడా మంట మీదనే పిండి మరిగిస్తే పరిమళం ఆవిరై, పులుపుకు తోడుగా చేదు దక్కుతుంది. గూడూరు నుంచి వచ్చే చిన్న నిమ్మకాయ గ్రీకుల పసుపుపచ్చ పెద్ద నిమ్మ కంటే ఘాటైనది కనుక ఈ ఫలితం ఇంకా త్వరగా సిద్ధిస్తుంది. నిమ్మకాయ చారు దించాకే రసం పిండాలని తెలిసిన ఇళ్లలో సైతం, విదేశీ వంట అనగానే ఆ తెలివి గడప అవతల ఉండిపోవడం గమనార్హం. మజ్జిగ పులుసు విరగకుండా శనగపిండి కలిపే సూత్రం కూడా ఇలాగే మరుగున పడుతుంది: పిండిపదార్థం మాంసకృత్తుల మధ్య అడ్డుపడి వాటిని బిగుసుకోనివ్వదు, అందుకే కొందరు గ్రీకు గృహిణులు గుడ్ల మిశ్రమంలో చెంచాడు మొక్కజొన్న పిండి వేస్తారు, మరికొందరు అది మోసమని వారితో మాట్లాడటం మానేస్తారు.

గుడ్డుకు వేడిని అలవాటు చేసే ఈ పనిని ఆంగ్ల వంటపుస్తకాలు ‘టెంపరింగ్’ అంటాయి. భారతీయ వంటల గురించి రాసేటప్పుడు అవే పుస్తకాలు తాలింపునూ ‘టెంపరింగ్’ అనే అంటాయి. కనుక తెలుగు సాధకుడు ఆ పుస్తకంలో ‘ఇప్పుడు గుడ్లను టెంపర్ చేయండి’ అనే వాక్యం చదివి, మూకుడులో నూనె కాచి, ఆవాలూ జీలకర్రా ఎండుమిరపకాయలూ వేసి, కరివేపాకు చిటపటలాడించి గుడ్ల మీద పోస్తే తప్పు అతనిది కాదు, భాషాశాస్త్రానిది. నిదానం సూచించే మాట ఒక్క అడుగులో చుర్రుమనే చప్పుడుగా మారిన ఉదాహరణలు అనువాద చరిత్రలో తక్కువ.

మిశ్రమాన్ని చారులో పోసేటప్పుడు పెదవులతో ముద్దు పెడుతున్నట్టు చప్పుడు చేస్తే అది తెగదని గ్రీసులో పాత తరం స్త్రీల నమ్మకం. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం సులభమే గాని, ధార పోసినంతసేపూ ముద్దులు పెడుతున్న మనిషి ఇంకో చేత్తో ఫోను చూసుకోలేదన్న వాస్తవం గమనించాలి. చప్పుడు సాగినంతకాలం ధార సన్నగానే పడుతుంది. త్వరిత విధానంలో ఒక్క ముద్దు చాలు, అది కూడా గిన్నె బోర్లించాక.

ఈ తొందరకు గ్రీకుల్లోనే పూర్వోదాహరణ ఉందని వాదించేవారు ఈస్టరు రాత్రిని చూపుతారు. నలభై రోజుల ఉపవాసమూ, ఆపైన పవిత్ర వారమూ మాంసం, గుడ్డు, పాలు మానిన సనాతన క్రైస్తవులు, శనివారం అర్ధరాత్రి పునరుత్థాన ప్రార్థన ముగించుకుని, వెలిగించిన కొవ్వొత్తులతో ఇల్లు చేరి, ‘మగిరీత్స’ అనే చారుతో ఉపవాసం విడుస్తారు. గొర్రెపిల్ల పేగులు, కాలేయం వంటివి సన్నగా తరిగి, సోయాకుతో ఉడికించి, పైన అవ్గోలెమోనో కలిపిన చారు అది. అంతకాలం ఆగిన ఆకలికి తొందరపడే హక్కు పూర్తిగా ఉంది. అయినా పేగులను కడిగి ఉడికించడం శనివారం పగలే పూర్తవుతుంది, గుడ్డూ నిమ్మా గిలక్కొట్టడం మాత్రం అందరూ వచ్చాక, అంతమంది ఆకలి చూపుల మధ్య, గరిటె తరువాత గరిటెగా జరుగుతుంది. ఈ ఉదాహరణ వాదించేవారికి అంతగా ఉపకరించదు.

చారు తెగిన తరువాత దాన్ని వడ్డించడానికి పరిభాష సిద్ధంగా ఉండాలి. తునకలను ‘గ్రామీణ శైలి’ అనాలి, పైన తేలే పసుపు నీటిని ‘తేలికైన రూపాంతరం’ అనాలి. గ్రీకుల్లో వంటపుస్తకానికి మారుపేరుగా ‘త్సెలెమెందెస్’ అనే మాట వాడుకలో ఉంది, అది నికోలావోస్ త్సెలెమెందెస్ (1878-1958) అనే వంటవాడి ఇంటిపేరు. ఆయన తన దేశపు వంటలకు ఫ్రెంచి మెరుగులు దిద్ది, తూర్పు వాసనలు తగ్గించి ప్రసిద్ధుడయ్యాడు. ఎవరైనా మరీ నిలదీస్తే ఇది త్సెలెమెందెస్ చూడని ఏదో దీవి పద్ధతి అని చెప్పవచ్చు. గ్రీసులో దీవులు వేలల్లో ఉన్నాయి, విందు ముగిసేలోపు అన్నింటినీ ఎవరూ సరిచూడలేరు.

మిగిలిన చారును మర్నాడు మైక్రోవేవ్‌లో భగభగ మరిగించేవారికి హెచ్చరిక అనవసరం, తెగినది మళ్లీ తెగదు. బియ్యం రాత్రంతా ఉబ్బి గిన్నెను పొంగలి చేసి ఉంటుంది. అప్పుడు సాధకుడు వేడినీళ్లు కొన్ని పోసి, ఉప్పూ మిరియాల పొడీ సరిచూసి, మూకుడు పొయ్యి మీద పెట్టి, నూనె కాగాక ఆవాలూ ఎండుమిరపకాయలూ కరివేపాకూ వేసి చుర్రుమనిపిస్తే, నిన్న తప్పయిన తాలింపు ఇవాళ సరిగ్గా తన చోట పడుతుంది.