బేసి పోగుల మామ

రిటైరైన మనిషి చేతులు రెండు నెలలు ఊరుకుంటాయి. మూడో నెలలో కొందరు మిద్దె మీద టమోటా కుండీలు పెడతారు, కొందరు కాలనీ రాజకీయాల్లోకి దిగుతారు. హిందూపురంలో మా మామ ఊలు సంచుల్లో పడినాడు. ఇట్లాంటి మామ మీ వీధిలోనూ ఉండే ఉంటాడు. మెడకు మఫ్లరు, ముక్కు కొసన అద్దాలు, ఒళ్లో ఊలు ఉండ, దాని మీద కన్నేసిన పక్కింటి పిల్లి.

మగ్గమంటే మిక్సీ వచ్చిన అట్టపెట్టె. ఒక ముక్క కోసి, పై అంచున గాట్లు పెట్టి, రెండు పక్కలా పడుగు చుట్టి, మొన అరగదీసిన దబ్బనంతో లావు ఊలును ఒక పోగు మీద, ఒక పోగు కింద పోనిస్తూ గుండ్రంగా నేస్తాడు. పేకను కిందికి దువ్వేది అత్త పెద్దపళ్ల దువ్వెన. పడుగు పోగులు బేసిగా ఉండల్ల. సరిసంఖ్య అయితే రెండో చుట్టులో ఊలు పోయిన దోవనే మళ్లీ పోతుంది, నేత పడదు. ఈ సంగతి మామకు మూడు సంచులు పాడైనాక తెలిసింది. అప్పట్నుంచి ఆయనకు లోకమంతా బేసే. సంచికి 23 పోగులు, పొద్దున ఇడ్లీలు మూడు. "24 వేస్తే ఏమైతాది మామా?" అని అడిగినోడు ఆ పూట భోజనం అక్కడే చేసి లేవల్ల.

కంబళి నేసే కురుబ తాత ఒకాయన, పడుగుకు చింతగింజల గంజి పెడితే బిగువొస్తుందని నోరు జారినాడు. హిందూపురంలో చింతగింజలకు కరువా? మామ వాటిని నానబెట్టి, రుబ్బి, ఉడికించి తన ఊలుకు దట్టంగా పూసినాడు. తాత చెప్పింది నల్లగొర్రె ఉన్ని సంగతి. అంగట్లో మామ కొన్న ఊలుకు గొర్రెతో చుట్టరికమే లేదు. సంచి అప్పడమైంది. తెల్లారేసరికి చీమలు గృహప్రవేశం చేసినాయి. గంజి కాచిన గిన్నె గురించి అత్త అన్న మాటలు ఇక్కడ రాయను.

కూతురు ధర్మవరంలో ఉంటుంది. అక్కడికి పోయే రైలు పెనుకొండ చేరేసరికి ఎదురు సీటాయన, ఇష్టమున్నా లేకున్నా, సగం సంచి నేర్చుకొని ఉంటాడు. కొండ కనపడంగానే మామ పాఠం చరిత్రలోకి మళ్లుతుంది. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడినాక తిరుమలరాయలు 550 ఏనుగుల మీద ఖజానా ఎక్కించుకొని విజయనగరం విడిచి, ఈ పక్కకే వచ్చినాడని చరిత్రకారుడు సూయెల్ రాసినాడు. "ఏనుగుల లెక్క రాసినారు సరే. ఆ సొమ్మంతా దేంట్లో పోసినారు? సంచుల్లోనే గదా! దాన్ని ఒక్కడన్నా రాసినాడా?"

ధర్మవరంలో కూతురింటి ఎదురుగా గుంటమగ్గం. అక్కడొక పెద్దాయన వేల పోగుల పట్టు పడుగు మీద లేపాక్షి లతలు అంచులో దించుతుంటాడు. పైన జాకార్డు అట్టలు టకటకా తిరుగుతుంటాయి. మామ తన అట్టముక్క చంకన పెట్టుకొని పోయి, "మీదీ అట్టే, మాదీ అట్టే. ఒక కులమోళ్లం అన్నా" అన్నాడు. పెద్దాయన సంచిని అటూ ఇటూ తిప్పి చూసి, "మా అట్టలకు తూట్లుంటాయి అన్నా" అని మళ్లీ మగ్గంలో కాళ్లు పెట్టుకున్నాడు. మామ దాన్ని మెచ్చుకోలు కిందే జమ వేసుకున్నాడు.

సంచి చూసేకి బాగానే ఉంటుంది. ఖాళీగా ఉంటే భుజాన ఉంటుంది, రెండు కిలోల వంకాయలేస్తే మోకాళ్లకు దిగుతుంది. అందుకని తీసుకున్నోళ్లు ఎవరూ దాన్ని దగ్గర పెట్టుకోరు. పుట్టినరోజుకొకరు, సీమంతానికొకరు ఇంకొకరి చేతిలో పెట్టేస్తారు.

మొన్న ధర్మవరంలో ఒక పెళ్లికి పోయినాము. తాంబూలం ఊలు సంచిలో పెట్టి ఇచ్చినారు. ఎరుపు, పచ్చ చారలు. మామ అద్దాలు సర్దుకొని, అంచు మీద వేలు జరుపుతూ పోగులు లెక్కబెట్టినాడు. ఇరవైమూడు.

"చూస్తివా? మన డిజైను కాపీ కొట్టేకి మొదలుపెట్టినారు," అన్నాడు నా చెవిలో. "పనితనం మాత్రం రాలేదు పాపం."